పుస్తకం చేతిలోంచి తీసేసుకున్నారు, మళ్లీ ఆ హాలుకు వెళ్లాలా?

తెనాలి దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చి, ఇప్పుడు హైదరాబాద్ నిజాంపేటలో కొడుకు దగ్గర ఉంటున్న 67 ఏళ్ల పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతున్నాను.

ఆమె ఏడో తరగతి వరకు చదివారు. హైస్కూలు పక్క ఊళ్లో ఉంది. ఈడొచ్చిన పిల్లను అంత దూరం పంపలేనని నాన్న మాన్పించేశారు. పదిహేడేళ్లకు పెళ్లయింది. భర్త రైసుమిల్లులో గుమస్తా. రెండేళ్ల కిందట ఆయన పోయాక కొడుకు ఊళ్లో ఇంటికి తాళం వేసి అమ్మను తనతో తీసుకొచ్చాడు. కొడుకూ కోడలూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మనవడు రెండో తరగతి. మూడున్నరకు బడి బస్సు గేటు దగ్గరికి వస్తుంది. వాణ్ని దింపుకుని, ఏదో ఒకటి తినిపించి, ఏడింటి దాకా చూసుకునేది ఆమే.

వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పెద్దవాళ్ల కోసం మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా ఒక కార్యక్రమం నడుస్తోంది. రిటైరైన టీచర్లు కొందరు కలిసి మొదలుపెట్టారు. ఒక రోజు కథ చదివి దాని గురించి మాట్లాడుకుంటారు, ఒక రోజు సెల్‌ఫోన్ వాడకం నేర్పుతారు, అప్పుడప్పుడూ ఒక డాక్టరునో లాయరునో పిలుస్తారు. మధ్యలో పాటలూ ఉంటాయి. పక్క ఫ్లాటావిడ బలవంతాన తీసుకెళితే వెళ్లి, అక్కడ ప్రాణం లేచొచ్చినట్టయింది ఈమెకు. సంక్రాంతి ముందు ఎవరో గొబ్బి పాటలు వచ్చా అని అడిగితే మూడు పాటలు వరసగా పాడారట. అందరూ చప్పట్లు కొట్టి, ఇవి రాసివ్వండి అన్నారు.

ఆ తర్వాతి వారమే దెబ్బ తగిలింది. కథ తలా ఒక పేజీ చదవాలన్నారు. ఈమె వంతు వచ్చింది. కూడబలుక్కుంటూ నాలుగు వాక్యాలు చదివేసరికి పక్కనున్నావిడ, "ఇలా ఇవ్వండి, నేను చదువుతా, టైమైపోతోంది" అని పుస్తకం చేతిలోంచి తీసేసుకున్నారు. ఆవిడ హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఆ రోజు నుంచి ఈమె వెళ్లడం లేదు. ఇంట్లో మోకాళ్ల నొప్పులని చెప్పారు. కోడలు నిజమే అనుకుని ఎముకల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకుంది.

ఇంకో చిక్కు. ఇన్నాళ్లూ కోడలు ఇంటి నుంచే పనిచేసేది, ఆ రెండు రోజులూ బాబును తనే చూసుకునేది. ఇప్పుడు రోజూ ఆఫీసుకు రమ్మంటున్నారు. "పోనీలేమ్మా, ఈ వయసులో నీకెందుకు ఈ టెన్షన్లు, హాయిగా టీవీ చూసుకో" అన్నాడు కొడుకు. గొబ్బి పాటల సంగతి విన్న ఆడపడుచు ఒకావిడ ఫోన్ చేసి, "అన్నయ్య పోయి రెండేళ్లు కాలేదు, అప్పుడే పాటలా వదినా" అంది. ఉత్తరం చివర్లో, ఎవరికీ చెప్పని మాట ఒకటి రాశారు. పదో తరగతి పరీక్ష రాయాలని ఉంది. "వెళ్లనా, మాననా? పదో తరగతి అంటే నవ్వుతారా?" అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ముందు మీ ఉత్తరం గురించి. ఇన్ని పేజీలు మీ చేత్తో రాశారు. అక్కడక్కడా ఒత్తులు, దీర్ఘాలు తప్పాయి. కానీ హైస్కూలు మానేసిన రోజు మీ నాన్నగారు ఏమన్నారో, మీరు ఏ గోడకు ఆనుకుని విన్నారో చదువుతుంటే నాకు కళ్లకు కట్టింది. ఇంత రాయగలిగిన మనిషికి చదువు రాదనడం కుదరదు. మీకు లేనిది అలవాటు. యాభై ఏళ్లకు పైగా పాల లెక్కలు, పెళ్లి శుభలేఖలు, పంచాంగం తప్ప చదవాల్సిన అవసరం రాని మనిషి, పదిమంది ముందు కొత్త కథ గడగడా చదవలేకపోతే అందులో వింత లేదు. పైగా మీ కళ్లద్దాలు తెనాలిలో నాలుగేళ్ల కిందట కొన్నవని మీరే రాశారు. ఈ వయసులో చూపు త్వరగా మారుతుంది, శుక్లాలు కూడా మొదలై ఉండొచ్చు. ఎముకల డాక్టరు బదులు ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వల్ల తడబడుతున్నారా, అలవాటు లేక తడబడుతున్నారా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇక, మీ ఉత్తరంలో మీరు ఒకే ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి నన్ను ఎక్కువ ఆపింది. "ఆయన పోయాక పేరంటాలకు పిలవడం మానేశారు, అది సహజమే కదా" అని రాశారు. దాన్ని అలా వదిలేయలేను. మీ తరం ఆడవాళ్లకు పేరంటం అంటే పసుపు, కుంకుమ, శనగలు మాత్రమేనా? శ్రావణ శుక్రవారాలు, అట్లతద్ది, గొబ్బెమ్మలు, బొమ్మల కొలువు, సీమంతాలు, పెళ్లిళ్లు. మీరు పాటలు నేర్చుకున్నది అక్కడ. కొత్త వంట, కొత్త కుట్టు తెలుసుకున్నది అక్కడ. ఏ పిల్లకు ఏ సంబంధం కుదిరిందో, ఏ ఇంట్లో ఏ కష్టముందో విన్నది అక్కడ. నలుగురిలో నోరు విప్పి పాడి, బాగా పాడావే అనిపించుకున్నది కూడా అక్కడే. మీకు బడి ఏడో తరగతితో ఆగిందేమో గానీ నేర్చుకోవడం ఆగలేదు, అరవై ఐదేళ్ల దాకా పేరంటాల్లో సాగింది. ఆయన పోయిన రోజున ఆ తలుపు కూడా మూసేశారు. భర్తను పోగొట్టుకున్న దుఃఖానికి అందరూ ఓదార్చారు. దీనికి ఎవరూ ఓదార్చలేదు, ఎందుకంటే ఇది పోయిందని ఎవరూ లెక్కపెట్టలేదు. మీరూ పెట్టలేదు.

అందుకే ఆ క్లబ్‌హౌస్ హాల్లో మీకు ప్రాణం లేచొచ్చింది. అక్కడ గొబ్బి పాట అడిగినప్పుడు మీ నుదుటి వైపు ఎవరూ చూడలేదు. మీ అబ్బాయి దాన్ని పొద్దుపోయే వ్యవహారం అనుకుంటున్నాడు కాబట్టి టీవీ దాని బదులు పనికొస్తుందనుకున్నాడు. మీకు అక్కడ దొరికింది అది కాదని అతనికి తెలియదు, మీరు చెప్పలేదు. ఆ హాలును ఒక్క మధ్యాహ్నం అవమానం వల్ల వదులుకోవద్దనే నా ఉద్దేశం. అయితే వెళ్లాలా, ఎలా వెళ్లాలి, ఎన్ని రోజులు వెళ్లాలి అన్నవి మీరు తేల్చుకోవలసినవి. ఒక్కో దారిలో ఏముందో చెబుతాను.

ముందు పుస్తకం సంగతి. ఆవిడ చేసింది తప్పు. టైమైపోతున్నా, అలవాటుకొద్దీ చేసినా తప్పే. ముప్పై ఏళ్లు తరగతి గదిలో గంట కొట్టేలోపు పాఠం పూర్తిచేసిన మనిషికి నెమ్మదిగా చదివేవాళ్లను చూస్తే చెయ్యి దానంతటదే ముందుకు వస్తుంది. మీ మీద చిన్నచూపుతోనే చేశారని మీకూ కచ్చితంగా తెలియదు, నాకూ తెలియదు. ఇక్కడ మీకు మూడు నాలుగు దారులున్నాయి. నేరుగా ఆవిడతోనే, ఇంకెవరూ లేనప్పుడు, "ఆ రోజు పుస్తకం తీసుకుంటే నాకు కష్టమనిపించిందండీ" అని ఒక్క మాట అనొచ్చు. చాలామంది అలా అన్నప్పుడు నొచ్చుకుని సర్దుకుంటారు. కొందరు "నేనేమన్నాను ఇప్పుడు?" అని ఎదురు తిరుగుతారు. అలా జరిగితే తట్టుకునే ఓపిక ఇప్పుడు మీకుందా అని చూసుకోండి. లేకపోతే కార్యక్రమం నడిపేవాళ్లలో మీకు చనువున్నవాళ్లకు చెప్పండి. ఆవిడ మీద ఫిర్యాదుగా వద్దు. "చదవాలనుకున్నవాళ్లే చదివేలా పెట్టండి, మిగతావాళ్లం వింటాం" అని అడిగితే చాలు. మీలాగే బయటికి చెప్పుకోలేక నలిగేవాళ్లు అక్కడ ఇంకా ఉండే ఉంటారు. మూడో దారి, ఏమీ అనకుండా వెళ్లి వెనక వరసలో కూర్చోవడం. ఇది తేలిక. కానీ మళ్లీ వంతు వస్తుందేమోనన్న భయంతో ప్రతి మంగళవారం గుండె దడ తప్పదు, కొన్నాళ్లకు ఆ దడే మిమ్మల్ని మాన్పిస్తుంది.

మీరు రాసిన ఇంకో చిన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి రోజు పరిచయాల్లో అందరూ "నేను ఫలానా బ్యాంకు, ఫలానా బడి" అని చెబుతుంటే మీరు "నేను ఇంట్లోనే" అని తల దించుకున్నారట. ఇలాంటి కార్యక్రమాలు నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. ఎక్కడ రిటైరయ్యారు అని మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకు జవాబు లేని ఆడవాళ్లు మన ఊళ్లలో, మన నగరాల్లో లెక్కలేనంతమంది. మీకేం వచ్చు, ఏం నేర్చుకోవాలనుంది అని అడిగితే ఎవరూ తల దించుకోనక్కర్లేదు.

ఈ ప్రశ్న ఎంత దూరం వెళుతుందో చూడండి. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో రిటైరైనవాళ్ల కోసం 'యూనివర్సిటీ ఆఫ్ ది థర్డ్ ఏజ్' (మూడో వయసు విశ్వవిద్యాలయం) పేరుతో 1973లో పాఠాలు మొదలయ్యాయి. అక్కడ విశ్వవిద్యాలయం నేర్పేది, పెద్దవాళ్లు వినేవారు. 1980ల మొదట్లో అది ఇంగ్లండ్‌కు వచ్చేసరికి పద్ధతే మార్చేశారు. వేరే ప్రొఫెసర్లు లేరు, డిగ్రీ లేదు, పరీక్ష లేదు. చేరినవాళ్లలో ఎవరికి తెలిసింది వాళ్లు మిగతావాళ్లకు చెబుతారు. ఇవాళ మొక్కల గురించి చెప్పిన మనిషి రేపు ఇంకొకరి ఎదుట కూర్చుని చరిత్ర నేర్చుకుంటాడు. మీ క్లబ్‌హౌస్‌లో ఇప్పటిదాకా చెప్పేవాళ్లు టీచర్లు, వినేవాళ్లు మీరు. గొబ్బి పాటలు పాడిన ఆ ఒక్క రోజు మాత్రం అది తిరగబడింది. ఆ హెడ్‌మిస్ట్రెస్‌గారు కూడా ఆ రోజు మీ దగ్గర నేర్చుకుంటూ కూర్చున్నారు. గుర్తుందా?

కాబట్టి మీరు తిరిగి వెళ్లడానికి ఇంకో దారి కూడా ఉంది: నేర్పడానికి వెళ్లడం. అట్లతద్ది ఉయ్యాల పాటలు, నాట్ల పాటలు, వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు, తలుపు దగ్గర పాట, లాలి పాటలు మీకు వచ్చని రాశారు. వీటిలో చాలావాటిని ఎవరూ కాగితం మీద పెట్టలేదు, పెట్టినా ఊరికో తీరు. తెనాలి వైపు పాడే తీరు మీ గొంతులో ఉంది. రాసివ్వమంటే భయపడక్కర్లేదు. ఫోన్లో వాయిస్ రికార్డర్ నొక్కి పాడేయండి, రాసేది ఇంకొకరు రాస్తారు. ఆ సెల్‌ఫోన్ క్లాసులోనే అది నేర్పమని అడగండి. ఇందులో ఒక ఇబ్బంది కూడా ఉంది, చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. పాటలావిడ అన్న పేరు స్థిరపడితే అందరూ పాటలే అడుగుతారు, కథ గురించి మీ అభిప్రాయం అడగరు. అలాంటప్పుడు ఒకటి పాడి, "ఇప్పుడు నేను కూడా కథ వింటా" అని కూర్చోవాలి.

మీ ఆడపడుచు మాట దగ్గరికి వద్దాం. ఆవిడకూ అన్నగారు పోయిన బాధ ఉంది, అది కాదనను. కానీ రెండేళ్లు నిండితే పాడొచ్చని ఆవిడ మాటకు అర్థమా? కాదు కదా. మూడేళ్లకు పాడినా అదే మాట వస్తుంది. మంగళహారతులు ముత్తయిదువలే పాడాలన్న పట్టింపు మీలోనూ ఉన్నట్టుంది, ఎందుకంటే మీకు వచ్చిన పాటల్లో హారతుల పేరు ఎత్తినచోట మాత్రం "ఇప్పుడు పాడకూడదనుకోండి" అని కలిపారు. నాకైతే ఆ పట్టింపులో న్యాయం ఏమీ కనిపించదు. అయినా నమ్మకం మీది. దాన్ని ఒక్క రోజులో తీసి పక్కన పెట్టమని నేను చెప్పను. హారతుల జోలికి పోకుండా గొబ్బి పాటలు, నాట్ల పాటలు, లాలి పాటలతో నడవొచ్చు. మనసు కుదుటపడిన రోజున హారతి కూడా పాడాలనిపిస్తే పాడండి. ఆడపడుచుకు జవాబు చెప్పాలనిపిస్తే, "మీ అన్నయ్య నా పాట విన్నవారే కదమ్మా" అంటే చాలు. గొడవ పెరిగేలా ఉంటే ఫోన్లో క్లబ్‌హౌస్ సంగతులు చెప్పడం తగ్గించండి. అందరికీ అన్నీ చెప్పాలన్న నియమం లేదు.

ఇప్పుడు ఇంటి విషయం. మోకాళ్ల నొప్పి అబద్ధాన్ని డాక్టరు దగ్గరికి వెళ్లకముందే విప్పేయండి. కోడలు మీ కోసం సెలవు పెట్టి, డబ్బు కట్టి తీసుకెళ్లాక నిజం తెలిస్తే బాధపడుతుంది. ఆ పిల్ల మిమ్మల్ని వెళ్లొద్దని ఒక్కసారి కూడా అనలేదని మీరే రాశారు. ఆఫీసు రమ్మంటే వెళ్లక తప్పని ఇరకాటం ఆమెది. కొడుకుతో విడిగా, కోడలితో విడిగా కాకుండా ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడండి. "మీకు కుదిరితే వెళ్తాలే" అని మొదలుపెడితే కుదరదనే వస్తుంది. "మంగళ, శుక్రవారాలు నాకు క్లాసుంది. ఆ గంటన్నర బాబును ఎవరు చూసుకోవాలో ముగ్గురం అనుకుందాం" అని మొదలుపెట్టండి. మనవడి మీద ప్రేమ లేదనుకుంటారని భయపడకండి. వారానికి అయిదు రోజులు వాణ్ని చూసుకుంటున్న మనిషి గురించి అలా ఎవరూ అనుకోరు.

ఏం కుదరొచ్చో చూద్దాం. అన్నిటికంటే తేలికైనది, కార్యక్రమం వేళ మార్చమనడం. మూడున్నర బస్సు మీ ఒక్కరి సమస్య కాదు, ఆ అపార్ట్‌మెంట్‌లో ఉన్న అమ్మమ్మలు, నానమ్మలు సగం మంది అదే వేళకు గేటు దగ్గర నిలబడి ఉంటారు. మహారాష్ట్రలోని ఠాణే జిల్లా ఫాంగణే గ్రామంలో 2016 మార్చి 8న అవ్వల కోసం ఒక బడి పెట్టారు. అరవై దాటిన ఆడవాళ్లు గులాబీ రంగు చీరలు కట్టుకుని, పలక పట్టుకుని వెళతారు. పొలం పని, ఇంటి పని అయ్యాకే రాగలరని ఆ బడి వేళ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పెట్టారు. చేరేవాళ్ల పనిని బట్టి బడి వేళ పెట్టుకున్నారన్నమాట. మీ వాళ్లు కూడా పదకొండింటికి మార్చొచ్చు. అప్పుడు ఇంట్లో వంట చేసే ఆడవాళ్లకు ఇబ్బంది కావొచ్చు, కాబట్టి అందర్నీ అడిగి తేల్చమనండి.

వేళ మారకపోతే, బాబును ఆ రెండు రోజులు బస్సు దగ్గర దింపుకుని గంటసేపు ఉంచుకునే ఇల్లు చూసుకోవాలి. డబ్బిచ్చి పెట్టుకుంటే ఖర్చు, పక్కింటివాళ్ల సాయం తీసుకుంటే మొహమాటం. అదే వేళకు బాబును డ్రాయింగో, కరాటేనో నేర్చుకునే క్లాసులో వేయొచ్చు, కానీ మీ కోసం వాణ్ని అలసగొట్టడం నాకు అంత నచ్చదు. వాణ్ని మీతో హాలుకు తీసుకెళ్లడం పైకి సులువుగా కనిపిస్తుంది. నాలుగు రోజులు అందరూ ముద్దు చేస్తారు. తర్వాత వాడు విసుగుతాడు, వాణ్ని ఊరుకోబెట్టడంలో మీ గంటన్నర పోతుంది, హాల్లోనూ మీరు ఆయాగానే మిగులుతారు. ఇవేవీ కాకపోతే వారానికి ఒక్క రోజు ఖాయం చేసుకోండి. రెండు రోజులూ అడిగి అప్పుడప్పుడూ వెళ్లేకంటే, ఒక్క రోజు అడిగి తప్పకుండా వెళ్లడం మేలు. తప్పకుండా వెళ్లే పనినే ఇంట్లోవాళ్లు పని కింద లెక్క కడతారు.

మీ అబ్బాయికి అమ్మ ఆరోగ్యం మీద శ్రద్ధ ఉంటే ఈ మాట చెప్పండి: డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పును పెంచేవాటిలో నలుగురిలో కలవకపోవడం, వినికిడి తగ్గినా పట్టించుకోకపోవడం ఉన్నాయని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2020లో, మళ్లీ 2024లో చెప్పింది. హాలుకు వెళితే మతిమరుపు రాదని ఎవరూ హామీ ఇవ్వరు. కానీ టీవీ ముందు ఒంటరిగా కూర్చోవడాన్ని హాయి అని ఏ డాక్టరూ అనరు.

ఇక మీరు దాచుకున్న కోరిక. నవ్వుతారా అని అడిగారు. నవ్వేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. కేరళలో కార్త్యాయని అమ్మ అనే పెద్దావిడ 2018లో, 96 ఏళ్ల వయసులో అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి 98 తెచ్చుకున్నారు. ఆవిడను చూసి దేశం నవ్వలేదు, 2020లో నారీశక్తి పురస్కారం ఇచ్చి గౌరవించింది. మన దగ్గరే చూడండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు పగలంతా కూలి చేసుకున్న ఆడవాళ్లు రాత్రి బడిలో కూర్చుని మీలాగే కూడబలుక్కుని చదివారు. దూబగుంట ఆడవాళ్లు సారా అమ్మకం ఆపించిన సంగతి వాళ్ల వాచకంలో పాఠంగా వచ్చింది. అది చదివి మిగతా ఊళ్లవాళ్లు కదిలారు, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నెమ్మదిగా చదివినవాళ్లు చేసిన పని అది.

రోజూ బడికి వెళ్లకుండా పదో తరగతి రాయడానికి మీకు రెండు చోట్ల దారుంది: తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ సంస్థ ఎన్ఐఓఎస్. 14 ఏళ్లు నిండి ఉండాలన్నదే నియమం, పైన వయసు పరిమితి లేదు. తెలుగు మాధ్యమం ఉంది. అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి. అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, చేరిన అయిదేళ్లలో పూర్తిచేయొచ్చు. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయాల్సిన పని లేదు. ఎన్ఐఓఎస్‌లో లెక్కలు తప్పనిసరి కాదు, గృహ విజ్ఞానం లాంటివి ఎంచుకోవచ్చు. వంట, పోషణ, బట్టలు, పిల్లల పెంపకం, ఇంటి ఖర్చు ఉండే సబ్జెక్టు అది. యాభై ఏళ్లు చేసిన పనికి పుస్తకంలో ఏం పేరు పెట్టారో చూడ్డమే మీకు మిగిలింది. చేరేవాళ్లు కేంద్రానికి వెళ్లి పాఠాలు వినే ఏర్పాటు కూడా ఉంటుంది, దగ్గర్లో ఏ బడి కేంద్రమో కనుక్కోవాలి.

ఇందులో కష్టాలున్నాయి. మూడు గంటలు కూర్చుని రాయాలి. పరీక్ష గదిలో మీ పక్కన మనవడి వయసు పిల్లలుంటారు. పరీక్షలు వేసవిలో వస్తే ఎండకు ప్రయాణం చేయాలి. రోజూ ఒక గంట చదువుకు తీయాలి, అది ఇంట్లో తెలియకుండా కుదరదు. వీటికి ఇప్పుడే సిద్ధంగా లేకపోతే పరీక్ష పెట్టుకోకుండా ఎనిమిదో తరగతి తెలుగు వాచకం తెచ్చుకుని చదవడం మొదలుపెట్టండి. ఒక ఆరు నెలలు చదివాక మీకే తెలుస్తుంది. లేదా ధైర్యం చేసి చేరిపోయి, మొదటి విడతలో తెలుగు, గృహ విజ్ఞానం రెండే రాయండి. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. చేరితే తేదీ ఉంటుంది, తేదీ ఉంటే చదువుతాం. కానీ మీ రక్తపోటు, నిద్ర, భయం మీకే తెలుసు. తప్పితే పరువు పోతుందన్న దిగులు మిమ్మల్ని తినేసేలా ఉంటే మొదటి దారే మంచిది.

మనవడు రెండో తరగతి అన్నారు కదా, వాడి తెలుగు వాచకం రోజూ సాయంత్రం ఇద్దరూ పైకి చదవండి. ఒక పేజీ వాడు, ఒక పేజీ మీరు. వాడికి తెలుగు వస్తుంది, మీకు పైకి చదివే భయం పోతుంది. నాయనమ్మకు చదవడం రాదని వాడు నవ్వితే బాధపడకుండా, "నేనూ నేర్చుకుంటున్నాను" అని చెప్పేయండి.

ఎంత ప్రయత్నించినా ఆ హాలు మీకు సరిపడకపోవచ్చు. అప్పుడు దగ్గర్లోని గుడిలో భజన మండలి, పారాయణ బృందం ఉన్నాయేమో చూడండి, పాట అక్కడా సాగుతుంది. ప్రభుత్వ శాఖా గ్రంథాలయంలో పత్రికలు చదువుకోవచ్చు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ ఉన్నాయి గానీ నిజాంపేట నుంచి దూరం, అప్పుడప్పుడూ తోడుతో వెళ్లడానికే బాగుంటుంది. ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఉచిత ప్రయాణం ఉంది. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. మీ ఆధార్ ఇంకా తెనాలి చిరునామాతోనే ఉంటే కొడుకుతో మార్పించుకోండి.

సెల్‌ఫోన్ క్లాసు మాత్రం వదలకండి. పోలీసులమంటూ వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించేవాళ్ల చేతుల్లో ఎక్కువ పోగొట్టుకుంటున్నవాళ్లలో పెద్దవాళ్లున్నారు. అలాంటి అరెస్టు చట్టంలో లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, డబ్బు పోయిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఈ రెండు ముక్కలు ఆ క్లాసులో మీరే మిగతావాళ్లకు చెప్పొచ్చు. పెద్దవాళ్ల సమస్యలు ఏవైనా 14567 నంబరుకు చెప్పుకోవచ్చు, అది ఎల్డర్‌లైన్.

ఒక పని మాత్రం హాలు గురించి, పదో తరగతి గురించి ఏమీ తేల్చుకోకముందే చేసేయొచ్చు. ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, మీరు చదివిన బడిలో పాత అడ్మిషన్ రిజిస్టరు వెతికించి, ఏడో తరగతి రికార్డు షీటో, టీసీయో తీయించమనండి. పుట్టిన తేదీకి, చదువుకు అదే ఆధారం. యాభై ఏళ్ల కిందటి రిజిస్టరు కాబట్టి దొరకడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, బడికి వేసవి సెలవులిస్తే మళ్లీ జూన్ దాకా ఆగాలి. దొరకదని తేలినా చేరడానికి ఇంకేం కాగితాలు ఒప్పుకుంటారో ఓపెన్ స్కూల్ కేంద్రంలో అడగొచ్చు. రిజిస్టర్లో మీ ఇంటిపేరు పుట్టింటిదే ఉంటుంది, ఆధార్‌లో అత్తింటిది. ఆ తేడా ఎలా సరిచేయాలో కూడా అప్పుడే కనుక్కోండి.